మీటింగ్ అయిపోయాకే మనకెందుకు తెలుస్తుంది?

కాలువగట్టు_కుర్రాడు
నిన్న పేపర్ జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త. "కాలువ విస్తరణపై అభిప్రాయ సేకరణ పూర్తి, స్థానికులు సానుకూలం" అని. ఆ స్థానికులెవరో నాకు తెలియదు. నేను పుట్టి పెరిగింది ఆ కాలువ గట్టునే. మా అరుగు దిగి పాదానికి పాదం ఆనించి పదకొండు అడుగులు వేస్తే విస్తరణ కోసం మున్సిపాలిటీ వాళ్లు ఎర్ర పెయింట్‌తో గీసిన గీత వస్తుంది. మా వరసలో ఇరవై మూడు ఇళ్లున్నాయి, ఒక్క ఇంటికీ కబురు లేదు. మీటింగ్ పెట్టింది సోమవారం పొద్దున పదకొండింటికి. ఆ టైముకి మా వీధిలో ఉండేది ముసలివాళ్లూ కోళ్లూ.

మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడిగితే "నోటీసు బోర్డులో పెట్టాం కదండీ" అన్నారు. ఆ బోర్డు స్కూటర్ స్టాండు వెనకాల ఉంది. అద్దం తలుపుకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదట. అందుకని కొత్త కాగితాలన్నీ అద్దం మీదే మైదా జిగురుతో అంటిస్తున్నారు. మా నోటీసు కింది సగం మీద సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ల స్టిక్కరు.

ఊరి పేరు అడగొద్దు, చెబితే నేనెవరో రేపే తెలిసిపోతుంది. కోస్తాలో ఒక ఊరు అనుకోండి. నా ప్రశ్న ఒక్కటే. కౌన్సిల్ మీటింగ్ గానీ వార్డు మీటింగ్ గానీ ఇలాంటి అభిప్రాయ సేకరణ గానీ జరగబోతోందని ముందే తెలిసేదెలా? మీ ఊళ్లలో ఎలా తెలుస్తోంది?

రెండో_టీ
మీటింగ్ అయ్యాక తెలిస్తే వార్త, ముందే తెలిస్తే లీకు. నువ్వు లీకు అడుగుతున్నావు తమ్ముడూ.

నాలుగో_వీధి
కోళ్లు సానుకూలంగా ఉన్నాయేమో మరి 😄

పనికిరాని_మాట
తెలిసి ఏం చేస్తావు? టెండరు అయిపోయాకే అభిప్రాయం అడుగుతారు. నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నా.

రిటైర్డ్_గుమాస్తా
ముప్పై ఒక్క ఏళ్లు మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేశాను, అందులో తొమ్మిదేళ్లు కౌన్సిల్ సెక్షన్లో. అజెండా ఎలా తయారవుతుందో చెబుతాను, దాన్ని బట్టి ఎక్కడ పట్టుకోవాలో మీకే తెలుస్తుంది.

ఇంజనీరింగ్, టౌన్ ప్లానింగ్, రెవెన్యూ, ప్రజారోగ్యం, ఒక్కో సెక్షను తన నోట్ పెడుతుంది. సంతకాలన్నీ అయ్యాక అజెండా పుస్తకం ప్రింటవుతుంది. అటెండరు ఒక సంచీలో వేసుకుని సభ్యుల ఇళ్ల చుట్టూ తిరిగి, అందినట్టు సంతకాలు పెట్టించుకొస్తాడు. ఒక కాపీ బోర్డుకి వెళ్తుంది. దాన్ని ఎవరైనా చదువుతారా అని అడిగిన పైఅధికారిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. "నోటీసు బోర్డులో ప్రదర్శించడమైనది" అని ఫైల్లో ఒక వాక్యం రాసుకోవాలి, అందుకు పెడతాం.

కాబట్టి అజెండా ముందుగా దొరికేది మీ కార్పొరేటర్ ఇంట్లో. వెళ్లి అడగండి. చాలామంది దాన్ని విప్పను కూడా విప్పరు, "తీసుకెళ్లండి బాబూ" అని ఇచ్చేస్తారు. రెండో చోటు లోకల్ విలేకరి. ఆయన దగ్గర మేయర్ కంటే ముందే ఉంటుంది.

ఇవి కాక టేబుల్ అజెండా అని ఒకటుంది. సభ మొదలయ్యాక అప్పటికప్పుడు టేబుల్ మీద పెట్టే అంశాలు. అసలు సరుకు చాలాసార్లు అందులోనే ఉంటుంది. దాన్ని ముందే పట్టుకునే మార్గం నాకూ తెలియదు.

వైజాగ్_అలలు
మీకు కార్పొరేటర్ అయినా ఉన్నాడు. మా విశాఖలో 2007లో కార్పొరేషన్ ఎన్నికలయ్యాయి, మళ్లీ 2021లోనే. 2012లో పాలకవర్గం గడువు తీరాక తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిలే లేకపోతే కౌన్సిల్ మీటింగ్ తేదీ ఎవర్ని అడుగుతాం? అప్పట్లో హైస్కూల్లో ఉన్న మా చెల్లి ఉద్యోగంలో చేరాక తన మొదటి కార్పొరేటర్‌ని చూసింది.

సందేహాల_సుబ్బారావు
ఐదేళ్లకోసారి ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది కదా? 74వ సవరణ.

వైజాగ్_అలలు
ఉంది. 243యు అధికరణ. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ఉండటం ఉంది మరి.

బెంచీ_చివర
నేను మా ఊళ్లో కౌన్సిల్ హాలు గ్యాలరీలో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి గేటు దగ్గర "మీరు ఏ పత్రిక?" అని అడిగారు. ఏ పత్రికా కాదు, పన్ను కట్టేవాణ్ని అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. చివరికి ఎవరో తెలిసినాయన పాస్ ఇప్పించారు.

లోపల ఏం జరుగుతుందంటే, మొదట సంతాప తీర్మానం, మౌనం. తర్వాత ప్రతిపక్షం వాళ్లు ఖాళీ బిందెలతో వస్తారు. ఆ బిందెల మీద కొట్టు స్టిక్కర్లు కూడా పీకలేదు, అప్పుడే కొనుక్కొచ్చారన్నమాట. పోడియం దగ్గర గొడవ, వాకౌట్. వాళ్లు బయటికెళ్లిన పదకొండు నిమిషాల్లో ఎనభై నాలుగు అంశాలు అయిపోయాయి. సెక్రటరీ గారు నంబరు చదవడం, ముందు వరస "ఆమోదం" అనడం. చదివినట్టుగా భావించి ఆమోదించడమైనది! నా పక్కన కూర్చున్న పెద్దాయన తన రోడ్డు అంశం కోసం వచ్చాడు. అది 61వ నంబరట. 57 విన్నాడు, 63 విన్నాడు. మధ్యలో దగ్గొచ్చింది పాపం.

రెండో_టీ
దగ్గులో రోడ్డు పోయింది 😂

నాలుగో_వీధి
నవ్వొస్తోంది గానీ ఏడుపు కూడా వస్తోంది.

సందేహాల_సుబ్బారావు
అసలు కౌన్సిల్ మీటింగుకి మామూలు జనాన్ని రానివ్వాలా వద్దా? బెంచీ గారికి పాస్ కావాల్సొచ్చింది. కొన్ని చోట్ల గేటు దగ్గర్నుంచే పంపేస్తారంటారు. రూల్ ఏంటి?

రిటైర్డ్_గుమాస్తా
ఆ మాట మనం వాదించుకోనక్కర్లేదు సుబ్బారావు గారూ, వాళ్ల చేతే రాయించాలి. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి) ఉంది, అందులో ఎనిమిదో అంశం చూడండి. ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీల వివరాలు తనంతట తానే బయటపెట్టాలి. వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్, అంటే సభలో జరిగినదాని రికార్డు, ప్రజలు చూడవచ్చా అన్నది కూడా చెప్పాలి. మనం అడగకముందే చెప్పాలి, అదీ ఇందులో విశేషం.

చెప్పలేదా? పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు. "మీ కౌన్సిల్ సమావేశాలు ప్రజలకు తెరిచి ఉంటాయా లేదా, గత ఆరు సమావేశాల మినిట్స్ కాపీలు ఇవ్వగలరు" అని రెండు లైన్లు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు. నేను అవతలి కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఇలాంటి కాగితం వచ్చిందంటే సెక్షన్ అంతా ఒక పూట టెన్షన్ పడేది. వెబ్‌సైటులో పేజీ ఒకటి అర్జెంటుగా నింపేవాళ్లు.

కాలువగట్టు_కుర్రాడు
గుమాస్తా గారూ, ముప్పై రోజులయ్యేసరికి మా అరుగు ఉండదండీ.

వేపచెట్టు_కింద
మాది తెలంగాణలో ఒక మున్సిపాలిటీ. 2020లో పట్టణ ప్రగతి అని సర్కారు కార్యక్రమం పెట్టినప్పుడు ప్రతి వార్డులో నాలుగు కమిటీలు వేసిన్రు. యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కో దాంట్లో పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. నేను యువత కమిటీలో ఉన్నా (ఇప్పుడు వృద్ధుల కమిటీకి పోవాలేమో). మొదటి రెండు మీటింగులు బాగానే అయినయి. మొక్కలు ఎక్కడ పెట్టాలి, ఖాళీ ప్లాట్లలో చెత్త ఎట్ల తీయించాలి అని నిజంగనే మాట్లాడుకున్నం. తర్వాత చీపుర్లతో ఫొటో. తర్వాత వాట్సాప్ గ్రూపు. ఇప్పుడు ఆ గ్రూపులో రోజూ పొద్దున గులాబీ పువ్వు వస్తది, మీటింగ్ ఎప్పుడని అడిగితే ఎవరూ పలకరు. అయినా గ్రూపులోంచి బయటికి పోలేదు నేను. ఎప్పుడైనా ఒక తేదీ పడకపోతుందా అని.

పనికిరాని_మాట
నేను చెప్పింది అదే కదా.

నాలుగో_వీధి
మా అమ్మ వాళ్ల ఊళ్లో గ్రామసభ ఎప్పుడో అడగక్కర్లేదు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2. జనవరి, ఆగస్టుల్లో జెండా పండగా సభా ఒకేసారి. ముందు రోజు టముకు కూడా వేస్తారు. సిటీకి వచ్చాక ఆ సుఖం పోయింది. ఇక్కడ దోమల మందు బండికి మైకుంటుంది గానీ మీటింగుకి ఉండదు.

రిటైర్డ్_గుమాస్తా
అమ్మాయ్ చెప్పింది కరెక్టు. ఊళ్లో ఓటరంటే గ్రామసభ సభ్యుడే, రాజ్యాంగంలోనే ఉంది. పట్నంలో అలా లేదు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణ అంటుంది, కానీ అందులో ఎవరుండాలి, ఏం చేయాలి అన్నది రాష్ట్రానికి వదిలేసింది. తర్వాత 2005లో పట్టణాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం నిధులకు షరతుగా ప్రజల భాగస్వామ్య చట్టం చేయమన్నారు. ఏరియా సభ (పట్నంలో ఒక్కో ప్రాంతపు ఓటర్ల సభ) అనే మాట అప్పుడే మా ఆఫీసులోకి వచ్చింది. దానికి ఒక రిజిస్టరు తెరిచాం. రిజిస్టరు చాలా బాగుండేది, ఎర్ర కాలికో బైండు.

రెండో_టీ
లోపల?

రిటైర్డ్_గుమాస్తా
లోపల గీతలు గీసి ఉన్నాయి.

నాలుగో_వీధి
సరే, తేదీలు తెలియవంటున్నారు కదా, తెలిసినవైనా వాడుకుందాం. వారం వారం ఖాయంగా జరిగేవి ఉన్నాయి. ఏపీలో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు (ముందు స్పందన అనేవాళ్లు, ఇప్పుడు పీజీఆర్ఎస్). తెలంగాణలో సోమవారం ప్రజావాణి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాలు.

నేను వీధి లైటు కోసం నాలుగు సోమవారాలు తిరిగాను. నేర్చుకున్నదేమిటంటే, అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక అర్జీలో ఒక్క సమస్యే రాయాలి. రెండు రాస్తే సులువైనది చేసి రెండూ అయిపోయాయంటారు. జిరాక్సు మీద నంబరు వేయించుకోకుండా కుర్చీ లేవకూడదు. మూడో వారం నా ఫోనుకి "మీ అర్జీ పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది, ఫొటోతో సహా. వెలుగుతున్న లైటు, కింద పడుకున్న నల్ల కుక్క. మా వీధిలో నల్ల కుక్క లేదు! ఉన్నవి రెండూ గోధుమరంగువే. నాలుగో సోమవారం ఆ ఫొటో, మా వీధి కుక్కల ఫొటోలు పట్టుకెళ్లాను. ఆ మేడమ్ నవ్వాపుకోలేక అక్కడికక్కడే ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఫోన్ చేశారు. రెండు రోజుల్లో లైటు వెలిగింది.

రెండో_టీ
కుక్కల సాక్ష్యం 🙏 అక్కా మీరు లాయరు కావాల్సింది.

బెంచీ_చివర
ఏపీలో మూడో శనివారం కూడా రాసుకోండి. స్వర్ణాంధ్ర, స్వచ్ఛాంధ్ర పేరుతో 2025 జనవరి నుంచి ప్రతి నెలా చేస్తున్నారు. ఆ రోజు ఆఫీసర్లు ఆఫీసులో ఉండరు, వీధుల్లో ఉంటారు. మామూలు రోజుల్లో అపాయింట్‌మెంట్ దొరకని మనిషి చీపురు పట్టుకుని మన ఎదురుగా నిలబడి ఉంటాడు. ఫొటో అయిపోయి కారెక్కే లోపల రెండు నిమిషాలు దొరుకుతాయి, కాగితం చేతిలో రెడీగా ఉండాలి అంతే.

కాలువగట్టు_కుర్రాడు
ఈ నెలది మొన్న శనివారమే అయిపోయింది. నా టైమింగ్ చూడండి.

వేపచెట్టు_కింద
ఒకటి అడుగుతా. మీటింగులకు జనం రారు అంటరు. మరి హైదరాబాద్‌లో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్‌కి ఎట్ల వస్తున్రు? జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 అని హైదరాబాద్‌లో చిన్న పిల్లగానికి కూడా తెలుసు. 1938లో మొదలైంది, ఎవడూ నోటీసు బోర్డు చూసి పోడు. విజయవాడ పుస్తకాల పండుగ అంతే, కొత్త సంవత్సరం అంటే అదే గుర్తొస్తది. తేదీ మారకుండ ఏండ్ల తరబడి పెడితే జనం వాళ్లే వస్తరు. కౌన్సిల్ మీటింగు కూడా "ప్రతి నెలా రెండో బుధవారం" అని ఒక్కసారి ఖాయం చేస్తే ఏం పోతది?

పనికిరాని_మాట
నుమాయిష్‌లో బజ్జీలు ఉంటాయమ్మా. కౌన్సిల్‌లో ఏముంది?

రెండో_టీ
సమోసాలు ఉంటాయి. లోపలి వాళ్లకి మాత్రమే.

సందేహాల_సుబ్బారావు
వేపచెట్టు గారి పాయింటు బాగుంది కానీ ఎగ్జిబిషన్నీ కౌన్సిల్నీ ఒక గాటన కట్టలేం. నుమాయిష్‌కి వెళ్లకపోతే నష్టం లేదు. దీనికి వెళ్లకపోతే అరుగు పోతుంది.

వేపచెట్టు_కింద
అందుకే కదా తేదీ తెల్వాలంటున్న.

ఉప్పుగాలి
పనికిరాని_మాట గారికి ఒక మాట. నాకూ మీలాగే అనిపించేది. మా వైపు ఒక ఫ్యాక్టరీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, పర్యావరణ అనుమతి కోసం. దానికి రూల్స్ గట్టిగానే ఉన్నాయి, కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్. కనీసం ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక అయ్యుండాలి. కలెక్టర్ లేదా ఆయన తరఫున పెద్ద అధికారి కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. కోరం అనేది లేదు, పది మంది వచ్చినా సభ సభే. అంటే మనం రాకపోయినా అది అయిపోయినట్టే లెక్క. ఇది తెలిశాకే నేను వెళ్లడం మొదలుపెట్టాను.

షామియానా వేశారు, ముందు వరసల్లో కంపెనీ వాళ్లు తెచ్చిన జనం ఒకే రంగు టోపీలతో ఉన్నారు. మాకు మైకు మూడు గంటలకు గానీ అందలేదు. మా పక్క పేటలో చేపలమ్మే మామ్మ లేచి, బోరు నీళ్లలో అన్నం వండితే పసుపు రంగు వస్తోందని చెప్పింది. రెండే రెండు వాక్యాలు. ఇంటి నుంచి గిన్నెలో ఆ అన్నం కూడా తెచ్చింది. సభ చివర్లో జరిగినదాని సారాంశం తెలుగులో చదివి వినిపించాలి, అదీ రూలే. చదివారు. ఉద్యోగాలు వస్తాయన్నవన్నీ ఉన్నాయి, అన్నం మాట లేదు. అందరం లేచి వెళ్లిపోబోతుంటే మామ్మ కదల్లేదు. "నా అన్నం ఏదయ్యా అందులో?" అంది. మైకు లేదు, అయినా షామియానా అంతా వినపడింది. ఆ ఆఫీసరు కాసేపు కాగితాలు తిప్పి, పెన్ను తీసి, అక్కడే రాసి, మళ్లీ చదివారు.

ఫ్యాక్టరీ ఆగలేదు. కానీ అనుమతి షరతుల్లో మా పేటకి పైపు నీళ్లు అని ఒక లైను పడింది. పైపు వచ్చింది.

నాలుగో_వీధి
"నా అన్నం ఏదయ్యా అందులో." చదవగానే ఒళ్లు జలదరించింది.

పనికిరాని_మాట
సరే ఉప్పుగాలి గారూ, ఆ కేసు ఒప్పుకుంటాను. ఒక్క కేసు.

మోడరేటర్
రెండు పోస్టుల్లోంచి పార్టీల పేర్లు తీసేశాను. మీటింగుల గురించి మాట్లాడుకుందాం, బిందెలు ఎవరివన్నది వేరే చోట.

రిటైర్డ్_గుమాస్తా
ఉప్పుగాలి గారి పోస్టు చదివాక నాకొక అనుమానం వచ్చింది. కుర్రాడు బాబూ, మీ నోటీసు కింది సగం మీద స్టిక్కరు ఉందన్నావు. పై సగంలో ఏముంది? తేదీ ఎంత వేశారు?

కాలువగట్టు_కుర్రాడు
ఫోన్లో ఫొటో ఉంది, చూసి చెబుతున్నా. పైన ఆఫీసు పేరు, ఆర్‌సీ నంబరు (అంటే ఫైలు నంబరు), తేదీ 12. కాలువ విస్తరణ ప్రతిపాదన, ఫలానా వార్డు, 21వ తేదీ సోమవారం 11 గంటలకు కమ్యూనిటీ హాల్లో అభిప్రాయ సేకరణ. "కావున..." అని ఉంది, ఆ తర్వాత స్టిక్కరు.

రిటైర్డ్_గుమాస్తా
ఆ "కావున" తర్వాత ఏముందో వెళ్లి చూడు. నేను అలాంటి నోటీసులు వందల్లో టైపు చేయించాను. పాత నమూనా తీసి తేదీలు మారుస్తాం, కింది పేరా ఎవరూ ముట్టుకోరు. సభకు రాలేనివారు రాతపూర్వకంగా అభ్యంతరాలు, సూచనలు ఇన్ని రోజుల్లోపు ఇవ్వవచ్చని ఒక లైను మామూలుగా ఉంటుంది. ఉందని హామీ ఇవ్వను. స్టిక్కరు మెల్లగా తీయి, గోరుతో గీకకు, నోటీసు చిరుగుతుంది. కాస్త తడిగుడ్డతో.

రెండో_టీ
థ్రెడ్ సస్పెన్స్‌లోకి వెళ్లింది. టీ పెట్టుకొస్తా.

సందేహాల_సుబ్బారావు
ప్రభుత్వ నోటీసు బోర్డు మీద చెయ్యి వేయొచ్చా? ఏదైనా కేసు అవుతుందేమో?

నాలుగో_వీధి
సుబ్బారావు గారూ, స్టిక్కరు ప్రభుత్వానిది కాదు, సెప్టిక్ ట్యాంకు వాళ్లది.

కాలువగట్టు_కుర్రాడు
తీశాను. వాచ్‌మన్ చూసి ఏమిటని అడిగాడు, చెప్పాను. ఆయనే మగ్గుతో నీళ్లు తెచ్చిచ్చాడు. కింద ఇలా ఉంది: "కావున సదరు ప్రతిపాదనపై అభ్యంతరములు, సూచనలు ఏమైనా ఉన్నచో ఈ ప్రకటన తేదీ నుండి 15 దినములలోపు లిఖితపూర్వకముగా సమర్పించవలెను. గడువు దాటిన తరువాత వచ్చినవి పరిగణించబడవు."

12వ తేదీ నోటీసు. అంటే 27. ఇవాళ 23. నాలుగు రోజులుంది!!

వైజాగ్_అలలు
అబ్బ!

ఉప్పుగాలి
పేపర్లో "పూర్తి" అని రాశారు చూడండి. గడువు నడుస్తుండగానే.

బెంచీ_చివర
27 ఆదివారం కదా?

రిటైర్డ్_గుమాస్తా
ఆఖరి రోజు సెలవైతే తర్వాతి పనిదినం ఇచ్చినా చెల్లుతుందని జనరల్ క్లాజెస్ చట్టంలో ఉంది, సెక్షన్ 10. దాని మీద మాత్రం ఆధారపడకు. అది తర్వాత వాదించుకోవడానికి పనికొస్తుంది గానీ ఇన్‌వార్డు కౌంటర్లో, అంటే కాగితాలు తీసుకునే చోట, కూర్చున్న పిల్లాడికి తెలియదు. శుక్రవారమే ఇచ్చేయి.

ఎలా రాయాలంటే, పైన నోటీసు ఆర్‌సీ నంబరు, తేదీ తప్పకుండా వేయి. అది లేకపోతే నీ కాగితం ఏ ఫైల్లోకీ వెళ్లదు, టపాలోనే తిరుగుతుంది. డోరు నంబరు, పన్ను రసీదు కాపీ, ఎర్ర గీతకీ మీ అరుగుకీ మధ్య దూరం టేపుతో కొలిచి మీటర్లలో. అడుగుల్లెక్క వద్దు, పదకొండు అడుగులంటే ఎవరి అడుగులని అడుగుతారు. "వ్యక్తిగతంగా విచారణకు అవకాశం ఇవ్వగలరు" అని ఒక లైను. 21న జరిగిన సభ మినిట్స్, హాజరు పట్టిక నకలు ఇవ్వమని వేరే కాగితం మీద ఆర్టీఐ. రెండూ కలపకు. ఇరవై మూడు ఇళ్లవాళ్లూ ఒకే కాగితం మీద సంతకాలు పెడితే అది ఒక్క అభ్యంతరం. ఇరవై మూడు కాగితాలు ఇస్తే ఇరవై మూడు.

నాలుగో_వీధి
ఆ చివరి లైను బంగారం గుమాస్తా గారూ.

సందేహాల_సుబ్బారావు
పోస్టులో పంపితే? రిజిస్టర్డ్ పోస్టు?

రిటైర్డ్_గుమాస్తా
రిజిస్టర్డ్ పోస్టు అనేది విడిగా లేదిప్పుడు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. చేత్తో ఇచ్చి ముద్ర వేయించుకుంటేనే మంచిది. ముద్ర వేయమంటే ఇవాళ్టి తేదీ ముద్ర అడుగు, కొన్ని చోట్ల నిన్నటిది తిప్పకుండా వాడుతుంటారు.

పనికిరాని_మాట
కుర్రాడూ, మీ ఊరు నాకు అర్థమైపోయింది. స్కూటర్ స్టాండు వెనక బోర్డు, తాళంచెవి లేని అద్దం. భయపడకు, పేరు రాయను. మా అక్క ఇల్లు అదే వరసలో, పైచివర. రేపు సాయంత్రం నేనూ వస్తాను, టేపు నా దగ్గరుంది, ముప్పై మీటర్లది.

రెండో_టీ
పనికిరాని_మాట పనికొచ్చింది!!

పనికిరాని_మాట
ఎక్కువ మాట్లాడకు. కాలువ తవ్వకం ఆగుతుందని నేననలేదు.

కాలువగట్టు_కుర్రాడు
శుక్రవారం అప్‌డేట్. ఇరవై మూడు ఇళ్లలో పందొమ్మిది కాగితాలు అయ్యాయి. రెండు ఇళ్లకి తాళాలు, ఒకాయన "గవర్నమెంటుతో మనకెందుకు" అన్నాడు, ఇంకొకావిడ కొడుకుని అడిగి చెబుతానంది. అరుగు నుంచి గీతకి 2.9 మీటర్లు. పైచివర ఇంటికైతే గీత వంటగదిలోంచి పోతోంది, ఆ ఇంటావిడకి ఇప్పటిదాకా తెలియదు. టేపు పట్టుకుని గోడకి ఇటూ అటూ చూశాక మంచినీళ్లు అడిగింది.

ఇన్‌వార్డులో అబ్బాయి మొదట మొత్తం కలిపి ఒకే నంబరు వేస్తానన్నాడు. గుమాస్తా గారు చెప్పింది గుర్తుపెట్టుకుని కదల్లేదు. పందొమ్మిది నంబర్లు వేయడానికి నలభై నిమిషాలు పట్టింది. పదమూడో కాగితం తర్వాత ముద్ర సిరా అయిపోతే ప్యాడ్ మీద నాలుగు చుక్కల నీళ్లు పోశాడు. ఆరు ముద్రలు లేతగా ఉన్నాయి కానీ తేదీ కనిపిస్తోంది.

రిటైర్డ్_గుమాస్తా
ఆ ఆరూ ఇవాళే జిరాక్సు తీసి పెట్టు. నీళ్ల సిరా ఆరు నెలలు ఆగదు.

కాలువగట్టు_కుర్రాడు
తీశానండీ. అన్నట్టు, వచ్చేటప్పుడు బోర్డు చూశాను, ఇప్పుడు అలవాటైపోయింది. ఇంకో కొత్త కాగితం అంటించారు. చవితి మండపాల గురించి శాంతి కమిటీ సమావేశం, వచ్చే గురువారం సాయంత్రం నాలుగింటికి, స్టేషన్ ఆవరణలో. మా ఊరివాళ్లు ఎవరైనా ఉంటే రండి. నిమజ్జనం రూటు మా గట్టు మీదుగానే.

రెండో_టీ
టీ ఇస్తారా?

రిటైర్డ్_గుమాస్తా
ఇస్తారు, బిస్కెట్లు కూడా. నాలుగంటే ఐదున్నరకి మొదలవుతుంది. కానీ హాజరు పట్టిక మాత్రం నాలుగింటికే తిరుగుతుంది, సంతకం పెట్టి కూర్చో.